‘అలవాటే కదా’ అనుకుంటూ గడిచిన ఇరవై నాలుగేళ్లు

సిగరెట్ మానలేకపోతున్నానని ఎవరితోనైనా అని చూడండి. ‘మనసు గట్టిగా ఉంటే అదెంత పని’ అంటారు. పాపం, వాళ్లనని ఏం లాభం? చాలాకాలం పాటు వైద్యులు కూడా దాదాపు ఇదే మాట అన్నారు.

ఒకప్పుడు సిగరెట్లు చేత్తోనే చుట్టేవారు. 1881లో జేమ్స్ బాన్సాక్ అనే అమెరికన్ తన చుట్టే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక్క యంత్రం నుంచే రోజుకు లక్షకు పైగా సిగరెట్లు వచ్చిపడేవి. ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పటికి ఎంత అరుదంటే, 1912లో ఆ జబ్బు మీద పుస్తకం రాసిన ఐజక్ ఆడ్లర్, అసలు దీని మీద పుస్తకం అవసరమా అని మొదట్లోనే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ కేసులు గుట్టలుగా పెరిగాయి.

లండన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు కారణం వెతకడం మొదలుపెట్టినప్పుడు డాల్ అనుమానం రోడ్లకు వేసే తారు మీద. ఆస్పత్రుల్లో రోగుల్ని అడిగేకొద్దీ వేళ్లన్నీ సిగరెట్ వైపే చూపించాయి. పరిశోధన నడుస్తుండగానే డాల్ సిగరెట్ మానేశాడు. 1950లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది అమెరికాలో ఇదే సంగతి తేల్చినవారిలో ఎవర్ట్స్ గ్రాహం ఒకరు. ఆయన పేరున్న సర్జన్, బాగా సిగరెట్లు తాగే మనిషి. తర్వాత మానేసినా 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు.

1951 నుంచి డాల్ బృందం బ్రిటిష్ డాక్టర్లనే యాభై ఏళ్లు గమనించింది. పొగతాగేవాళ్లు సగటున పదేళ్లు ముందే పోతున్నారని తేలింది. క్యాన్సర్ ఒక్కటే కాదు, గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తులు పాడై ఊపిరందని సీఓపీడీ జబ్బు కూడా. నాకు ముఖ్యమనిపించేది ఇంకో లెక్క: 30 ఏళ్ల వయసులో మానేస్తే ఆ పదేళ్లూ దాదాపు తిరిగొస్తాయి, 50లో మానేస్తే ఆరేళ్లు, 60లో మానేసినా మూడేళ్లు.

మరి మానడమెలా? 1964లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సలహాదారైన సర్జన్ జనరల్ నివేదిక పొగ వల్ల క్యాన్సర్ వస్తుందని తేల్చిచెప్పింది. కానీ పొగతాగడాన్ని ‘వ్యసనం’ అనలేదు, ‘అలవాటు’ అంది. అలవాటైతే మందెందుకు, పట్టుదల చాలదా? ఆ పదం మారడానికి 24 ఏళ్లు పట్టింది. నికోటిన్ వ్యసనమేనని 1988 నివేదిక ఒప్పుకుంది. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. మానేసిన మొదటి రెండు మూడు రోజుల్లో చిరాకు, టెన్షన్, నిద్ర పట్టకపోవడం తారస్థాయిలో ఉంటాయి. అది మనసు బలహీనత కాదు.

విచిత్రమేమిటంటే, మందు ఆలోచన అంతకు ముందే పుట్టింది. 1960లలో స్వీడన్ జలాంతర్గాముల్లో సిగరెట్ వెలిగించే వీల్లేక నావికులు పొగాకు నమలడం చూసి, ఓవే ఫెర్నో అనే శాస్త్రవేత్తకు ఒకరు ఉత్తరం రాశారు. అలా నికోటిన్ గమ్ వచ్చింది. 1990లలో చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్, బుప్రోపియాన్ మాత్ర, 2006లో వరెనిక్లిన్ మాత్ర వచ్చాయి. మందుకు తోడు కౌన్సెలింగ్, ఫోన్‌లో సలహా ఇచ్చే క్విట్‌లైన్ ఉంటే మానగలిగేవాళ్లు ఇంకా పెరుగుతారు. ఒకసారి మానేసి మళ్లీ మొదలుపెట్టడం కూడా మామూలే. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు మందుల సంగతి డాక్టర్‌ను అడిగి తేల్చుకోవాలి.

గమ్ గురించి ఒక్క మాట. నెమ్మదిగా నమిలి, నోట్లో ఘాటు తెలియగానే ఆపి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య నొక్కి పెట్టాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. నికోటిన్ ఎక్కేది నోటి లోపలి చర్మం గుండానే. ఇది చెప్పేవాళ్లు లేక చాలామంది మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి, ఉమ్మి మింగేసి, ఎక్కిళ్లు వస్తున్నాయని రెండో రోజే పారేస్తారు.