మిగులు టీచర్ల గొడవకు మూలం: 117 జీవో చేసిన లెక్క

బదిలీల సమయం రాగానే పిల్లల సంఖ్యకు మించి ఉన్నాయని తేల్చిన మిగులు పోస్టుల జాబితాలు బయటికి వస్తాయి. కేడర్‌లో అందరికంటే జూనియర్‌గా ఉన్న టీచరు పేరు వాటిలో ఉంటుంది. సంఘాలు డీఈవో ఆఫీసుకు వెళ్తాయి. పిల్లలు లేనిచోట ఇంతమంది టీచర్లెందుకని అధికారులు, టీచర్లు లేనిచోటికి పిల్లలెందుకొస్తారని సంఘాలు వాదించుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పంచాయితీ అర్థం కావాలంటే పాత రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టుల సర్దుబాటు) జీవోలన్నీ తిరగేయక్కర్లేదు. 2022 జూన్ 10న వచ్చిన 117 జీవోను, దాని వెనకున్న లెక్కను చూస్తే సరిపోతుంది.

అప్పటి ప్రభుత్వ వాదన ఇది. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు వరకు నాలుగేసి. మొత్తం 18. ఒకరిద్దరు ఎస్జీటీలు (అన్ని సబ్జెక్టులూ చెప్పే ప్రాథమిక బడి టీచర్లు) ఇన్ని చెప్పలేరు. అందుకని 3, 4, 5 తరగతులను హైస్కూలుకు పంపి సబ్జెక్టు టీచర్లతో చెప్పిస్తామన్నారు. జాతీయ విద్యావిధానం 2020లోని 5+3+3+4ను, అంటే మూడో తరగతి నుంచి కొత్త దశ మొదలయ్యే విభజనను, ఆధారంగా చూపించారు. 2021లో 250 మీటర్ల లోపు హైస్కూలున్న బడులతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని కిలోమీటరు దాకా పెంచారు.

అమలులో ఏం జరిగిందో ఒక ఉదాహరణతో చూద్దాం. మూడు పక్కపక్క ఊళ్లున్నాయి, ఒక్కో బడిలో 70 మంది, తరగతికి 14 మంది చొప్పున ఉన్నారనుకుందాం. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 61 నుంచి 90 మందికి ముగ్గురు టీచర్లు, అంటే మూడు బడులకు తొమ్మిది మంది. మూడు తరగతులు హైస్కూలుకు వెళ్లాక ఒక్కో ఊళ్లో మిగిలేది 28 మంది. 30 మంది లోపు ఫౌండేషన్ బడికి, అంటే ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడికి, ఒక్క ఎస్జీటీయే. మూడు ఊళ్లలో కలిపి ఉండేది ముగ్గురు టీచర్లే. హైస్కూల్లో కొత్తగా వచ్చిన మూడు తరగతులకు 42 మంది చొప్పున మూడు సెక్షన్లు. సెక్షనుకు వారానికి 48 పీరియడ్లు, మొత్తం 144. ఒక టీచరుకు 36 పీరియడ్ల పని వేస్తే నలుగురు చాలు. మొత్తం ఏడుగురు. పిల్లలు ఒక్కరు కూడా తగ్గకుండానే రెండు పోస్టులు మిగులు ఖాతాలో పడ్డాయి.

ఈ పద్ధతిలో లాభం లేదనలేం. మూడో తరగతికే లెక్కలు చెప్పడానికి లెక్కల టీచరు వస్తాడు. కానీ అంతదాకా 14 మందితో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల 42 మందిలో ఒకతె అవుతుంది. దానికి తోడు ఒకటో తరగతి తమ్ముడు ఊళ్లో బడికి, అక్క రోడ్డు దాటి హైస్కూలుకు. ఇద్దరినీ దింపి రావడానికి కూలిపనికి వెళ్లే తల్లికి కుదరదు. ఇంటి ముందుకు ప్రైవేటు బడి వ్యాను వస్తుంటే ఇద్దరినీ అందులో ఎక్కించేసిన ఇళ్లున్నాయి. ఆ మర్నాటి నుంచి ఊరి బడి రోలు (చేరిన పిల్లల సంఖ్య) తగ్గుతుంది, తగ్గిన రోలును బట్టి ఇంకో పోస్టు పోతుంది. సంఘాలు 2022లోనే ఈ మాట చెప్పాయి. జులైలో 128 జీవోతో కొన్ని సవరణలు వచ్చినా మూల లెక్క మారలేదు.

2025 మేలో కూటమి ప్రభుత్వం 117ను పక్కనపెట్టి 19, 20, 21 జీవోలు ఇచ్చింది. తరగతులు వెనక్కి వచ్చాయి. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి, అలాంటివి 9,600 దాకా ఉన్నాయని ప్రభుత్వం చెబుతోంది. మంచిదే. చిక్కు మిగతా బడులతో వచ్చింది. మోడల్‌గా ఎంపిక కాని బేసిక్ ప్రైమరీ బడిలో 20 మంది వరకు ఒక టీచరు, 21 నుంచి 60 వరకు ఇద్దరు. మన ఉదాహరణలోని 70 మందిలో 58 మందే తిరిగొచ్చారనుకోండి. ఆ బడి మోడల్‌గా ఎంపికైతే తరగతికొకరు, బేసిక్‌లో పడితే ఐదు తరగతులకు ఇద్దరు. అదే ఊరు, అదే పిల్లలు. తరగతులు వెనక్కి వచ్చినంత సులువుగా పోస్టులు రాలేదు, ప్రైవేటుకు వెళ్లిన పిల్లలు అసలే రాలేదు.

ఇక 20 మంది వరకు ఉన్న బడికి ఒక్క టీచరు అనే నిబంధన. చట్టం షెడ్యూల్లో 'అరవై మంది వరకు ఇద్దరు' అని ఉంది. కింద ఇంకో మెట్టు లేదు. ఐదుగురు పిల్లలున్నా ఇద్దరుండాలి. తెలంగాణ కూడా 2021లో 25 జీవోతో 19 మంది వరకు ఒక్కరినే ఇచ్చింది. ఒక్క టీచరున్న బడిలో ఆయన సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా, ఓటర్ల జాబితా పని మీద తిరిగినా బడికి తాళమే, లేదా క్లస్టర్ (చుట్టుపక్కల బడుల సమూహం) నుంచి సెలవులో ఉన్నవాళ్ల బదులు చెప్పే మొబైల్ టీచరు రావాలి. క్లస్టర్‌లో అదేరోజు ఇంకో బడిలో కూడా సెలవుంటే ఆ దారీ మూసుకుపోతుంది. పని సర్దుబాటు పేరుతో పక్క బడి టీచరును పంపుతున్నారు గానీ, పిల్లల నిష్పత్తి నిలపడానికి ఒక బడి టీచరును ఇంకో బడిలో పనిచేయించకూడదని చట్టం 25వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లోనే ఉంది.

హైస్కూళ్లలో గొడవ తరగతిని ఎన్ని సెక్షన్లుగా విడదీయాలన్న దాని మీద. ఒక గదిలో ఎంతమంది కూర్చోవచ్చో చట్టం ఎక్కడా చెప్పలేదు. 6 నుంచి 8 వరకు 35 మందికి ఒక టీచరు, టీచరుకో గది అని మాత్రమే ఉంది. 9, 10 తరగతులు ఆ చట్టం పరిధిలోకే రావు. రెండో సెక్షన్ ఎన్ని తలల దగ్గర పుట్టాలన్నది జీవో తేలుస్తుంది, ఆ అంకెను బట్టే పీరియడ్లు, పీరియడ్లను బట్టే పోస్టులు. గణితానికి వారానికి 8 పీరియడ్లు అనుకుంటే ఐదు సెక్షన్లకు 40, ఒక టీచరుకు మోయలేని పని. రెండో టీచరు అడిగితే మొదట రోలు ఎంతో, ఏ తేదీదో చూస్తారు. ప్రవేశాలు ఇంకా జరుగుతుండగా రోలు తీసేస్తే జులైలో చేరే పిల్లలు లెక్కకు రారు, వాళ్ల కోసం ఉండాల్సిన పోస్టు అప్పటికే బదిలీల్లో వేరేచోటికి పోయుంటుంది. ఏ రోజు రోలును ప్రాతిపదికగా తీసుకోవాలన్నది ఇప్పటికీ తేలని తగాదాయే.