సమానం మీట లేని క్యాలిక్యులేటర్

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు ఫొటో పంపి అడిగారు: "మా పెదనాన్న బీరువాలో ఈ క్యాలిక్యులేటర్ దొరికింది. ఎర్ర అంకెలు బాగానే వెలుగుతున్నాయి. కానీ 2, ప్లస్, 3 నొక్కితే 3 అనే చూపిస్తోంది. సమానం గుర్తు ఎక్కడా లేదు. పాడైపోయిందా సార్?"

పాడవలేదు. అది హెచ్‌పీ-25. 1975లో 195 డాలర్లకు వచ్చింది. అంతకు ముందు ఏడాది అదే కంపెనీ తెచ్చిన హెచ్‌పీ-65 చేతిలో పట్టే ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్లలో మొదటిది, ధర 795 డాలర్లు. ప్రోగ్రాంని అయస్కాంత కార్డు మీద దాచుకునే ఏర్పాటు తీసేసి, ధర నాలుగో వంతుకు దించి ఈ 25ని వదిలారు. సైన్లూ లాగరిథమ్‌లూ ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు పిచ్చెక్కించేది ఆ లేని మీటే.

ఈ యంత్రానికి తెలుగులో చెప్పినట్టు చెప్పాలి. మనం "రెండుకి మూడు కలుపు" అంటాం. ముందు అంకెలు, చివర్లో క్రియ. అదే వరసలో 2, ఎంటర్, 3, ప్లస్ నొక్కి చూడండి, 5 వస్తుంది. క్రియ పడగానే వాక్యం అయిపోతుంది కదా, ఇంక సమానంతో పనేముంది? 1920లలో పోలండ్ తార్కికుడు యాన్ వుకాషేవిచ్ బ్రాకెట్ల అవసరం లేకుండా, క్రియని ముందు పెట్టి రాసే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని తిరగేస్తే వచ్చిందే రివర్స్ పోలిష్. అమెరికా వాళ్లకది తలకిందుల వ్యవహారం. మనకు, పక్క వీధిలో తమిళం మాట్లాడే వాళ్లకీ, పుట్టుకతో వచ్చిన అలవాటు.

మామిడి సీజన్లో కాటా దగ్గర లెక్క చూడండి. సరుకుతో లారీ 14.6 టన్నులు, ఖాళీ బండి 5.1. రెండో లారీ 13.8, ఖాళీది 4.9. మొత్తం కాయ ఎంత? "14.6లోంచి 5.1 తీసేసి, 13.8లోంచి 4.9 తీసేసి, రెండూ కలుపు." మీటలూ అంతే: 14.6, ఎంటర్, 5.1, మైనస్, 13.8, ఎంటర్, 4.9, మైనస్, ప్లస్. 18.4 టన్నులు. ఒక్క బ్రాకెట్టు లేదు. మొదటి "తీసేసి" దగ్గర వచ్చిన 9.5ని మనం బుర్రలో పెట్టుకుంటాం. యంత్రం ఎక్స్, వై, జెడ్, టీ అనే నాలుగు గళ్లలో పెట్టుకుంటుంది. కొత్త అంకె కింద ఎక్స్‌లోకి వస్తే పాతవి ఒక్కో మెట్టు పైకి, క్రియ పడితే ఒక మెట్టు కిందికి. పిల్లల చేత బాడ్‌మాస్ బట్టీ పట్టించే మాస్టార్లు ఇదొక్కసారి చూపిస్తే బాగుండు. ఏది ముందు, ఏది తర్వాత అన్న గొడవ లెక్కలో లేదు, మనం రాసే తీరులో ఉంది.

పై గడి టీలో ఇంకో తమాషా ఉంది. గళ్లు కిందికి దిగినప్పుడు టీ ఖాళీ అవదు, తన అంకెని తన దగ్గరే ఉంచుకుని కిందికొక నకలు ఇస్తుంది. 1.08 కొట్టి ఎంటర్ మూడుసార్లు నొక్కండి, నాలుగు గళ్లూ 1.08తో నిండుతాయి. ఆ తర్వాత 10000 కొట్టి గుణకారం నొక్కితే 10800. మళ్లీ నొక్కితే 11664. మళ్లీ, 12597.12. నొక్కినన్నేళ్లు ఎనిమిది శాతం చక్రవడ్డీ!

ఇక ప్రోగ్రాం. మొత్తం చోటు 49 స్టెప్పులు. మీటల పేర్లు తెర మీద చూపించడం దీని వల్ల కాదు కాబట్టి మీట ఏ వరసలో, ఎన్నోదిగా ఉందో ఆ రెండంకెలే దాని పేరు. మైనస్ నాలుగో వరసలో మొదటిది, 41. గుణకారం 61. టన్ను రేటు 12,000 అనుకుని ఒకటో నంబరు మెమరీలో వేసి, ప్రోగ్రాం వైపు స్విచ్ జరిపి ఇలా కొట్టాలి: 41, 24 01, 61. అంటే తీసెయ్, ఒకటో మెమరీలోది తే, గుణించు. ఆ తర్వాతి ఖాళీ స్టెప్పుల్లో "మొదటికి వెళ్లి ఆగు" అన్న 13 00 ముందే నిండి ఉంటుంది. స్విచ్ వెనక్కి జరిపి, ఆ 13 00నే ఒకసారి నొక్కి ప్రోగ్రాం మొదటికి వెళ్లి, 14.6, ఎంటర్, 5.1, రన్ నొక్కితే 114000.

తిరుపతిలో ఇలాంటి వాటితో లగ్నం గుణించే జ్యోతిష్కులు ఉండేవారని ఎవరైనా చెబితే నమ్ముతాను. లగ్నం కట్టడానికి కావలసింది త్రికోణమితే. పెళ్లెప్పుడో చెప్పే మీట మాత్రం ఏ వరసలోనూ లేదు.

ఒక జాగ్రత్త: బ్యాటరీ తీసేసి చార్జర్ తగిలించకండి, లోపలి చిప్పులు కాలిపోతాయి. ఇంకోటి, స్విచ్ ఆపితే ప్రోగ్రాం పోతుంది. ఆపినా గుర్తుంచుకునే 25సీ 1976లో వచ్చింది. ఫొటోలో పేరు పక్కన సీ లేదు. కాబట్టి కాటా దగ్గర రోజూ పొద్దున్నే 41, 24 01, 61 కొత్తగా కొట్టుకోవాల్సిందే.