పాత సఫారీనా, స్టార్మా? సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మా షెడ్డుకు బండి చూసిపెట్టమని వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది నోట ఒకటే మాట. "అన్నా, పాత మోడల్ తీసుకోవల్లా, కొత్త మోడలా?" తోట దాకా పోవాలి, వెనక నాలుగు మూటలు పడాలి, పెళ్లికి ఇంటిల్లిపాదీ ఎక్కాలి, ఏడాదికోసారి అహోబిలం పోవాలి, వాన పడితే మట్టిదారిలో ఇరుక్కోకూడదు. ఇన్ని కోరికలున్నవాళ్లు చివరికి నా దగ్గరికి తెచ్చేది ఎక్కువగా టాటా సఫారీ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ పవర్ పోయేది), లేకపోతే రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్, ఇదీ నాలుగు చక్రాలదే). ఈ రెండింటి గురించి రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి, చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: సఫారీ స్టార్మ్ అంటే పాత సఫారీకే ముందూ వెనకా మొహం మార్చారు, అంతే.

ఎదురుగా నిలబడి చూస్తే నిజమే అనిపిస్తుంది, డోర్లు కూడా అవే కదా అంటారు. ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూస్తే మాత్రం వేరే బండి. 2012 అక్టోబరులో వచ్చిన స్టార్మ్‌కు టాటా వాళ్లదే ఇంకో బండి ఆరియా నుంచి తెచ్చిన కొత్త చాసిస్ (కింది చట్రం) వేశారు. పాతదానికి ముందు సస్పెన్షన్‌లో టార్షన్ బార్లు (మెలితిరిగి కుదుపు తీసుకునే ఇనుప కడ్డీలు) ఉంటే దీనికి కాయిల్ స్ప్రింగులు, పాతదానికి వెనక డ్రమ్ములు ఉంటే దీనికి నాలుగు చక్రాలకూ డిస్కులు, సందులో తిప్పుకోవడం కూడా సులువైంది. మారనిది ఇంజిన్. 2007లో పాత సఫారీ డైకార్‌లో వచ్చిన 2.2 లీటర్లదే, పవర్ 140 పీఎస్, టార్క్ (లాగే బలం) 320 ఎన్ఎం, మొదటి స్టార్మ్‌లోనూ అంతే. 2015 చివర్లో వచ్చిన స్టార్మ్ వారికార్ 400లో గానీ పవర్ 156 పీఎస్, టార్క్ 400 ఎన్ఎం కాలేదు, గేర్లు ఐదు నుంచి ఆరు కాలేదు. అందుకని పికప్ కోసం 2013 స్టార్మ్ కొంటున్నా అనేవాళ్లకు నేను చెప్పేదొకటే, ఆ డబ్బుకు మీకు వచ్చేది బ్రేకులు, స్టీరింగ్, కుదుపు తక్కువ. పికప్ రాదు. నేషనల్ హైవే 44 మీద నెలకు రెండుసార్లు బెంగళూరు పోయే ఇల్లయితే ఆ బ్రేకులకే ఎక్కువ పెట్టొచ్చు, నేనైనా పెడతా.

ఇంకోటి. స్టార్మ్ వచ్చాక కూడా కొంతకాలం పాత డైకార్ షోరూముల్లో అమ్మారు, కాబట్టి ఆర్సీలో 2013 ఉన్నంత మాత్రాన అది స్టార్మ్ అయిపోదు. గ్రిల్ మార్చి, లైట్లు మార్చి, స్టికర్ అతికించి తిప్పేవాళ్లూ ఉన్నారు. స్టెప్నీ ఎక్కడుందో చూడండి చాలు, వెనక డోరుకు వేలాడుతుంటే పాతది, బండి కింద ఉంటే స్టార్మ్.

అపోహ: అయితే డస్టర్‌లోనూ కొత్తదే మేలు.

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఏడబ్ల్యూడీ 2014 సెప్టెంబరులో వచ్చింది, 2016 మార్చిలో ఫేస్‌లిఫ్ట్ చేశారు. ఫేస్‌లిఫ్ట్ అంటే నిజంగా ఫేసే. ఏడబ్ల్యూడీ కింద ఉన్న సరుకు అదే, అదే 110 పీఎస్ డీజిల్ ఇంజిన్, అవే ఆరు గేర్లు, వెనక అదే ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఏ చక్రానికా చక్రం విడిగా ఆడేది (టూ వీల్ డ్రైవ్ డస్టర్‌కు ఇది ఉండదు, గతుకుల్లో తేడా నడుముకే తెలుస్తుంది). 2015 బండి శుభ్రంగా ఉంటే 2017 దాని మొహం చూసి ఎక్కువ పెట్టక్కర్లేదు. దీంట్లో చూడాల్సినవి రెండు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, నోటిమాట వద్దు, అది తెగితే ఇంజిన్ లోపల వాల్వులు పోతాయి. రెండోది టైర్లు. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి వేసుంటే చక్రాలు సమానంగా తిరగవు, వెనక చక్రాలకు పవర్ పంపే కప్లింగ్ ఊరికే వేడెక్కుతుంది. టైర్లు కొత్తగా వేయించామని మురిసిపోతూ చెప్తారు, ఎన్ని వేయించారో అడగాలి.

అపోహ: "ఫోర్ బై ఫోర్ నాబ్ నేను ముట్టనే లేదన్నా, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది."

అమ్మేవాళ్లు ఈ మాట గర్వంగా అంటారు. నాకు మాత్రం ఇది వింటే టెన్షన్.

పోయిన ఎండాకాలం ఒకాయన స్టార్మ్ చూసిపెట్టమంటే తాడిపత్రి పోయాం. బండి మెరుస్తోంది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. ఓనర్ ఈ మాటే అన్నాడు. సరే పదండి అని పెన్నా ఏట్లోకి దింపించా, ఇసుక పొడిగా ఉంది. టూ హైలో (వెనక చక్రాలే నడిచేటట్టు పెట్టి) కావాలనే నెమ్మదిగా ఆపి మళ్లీ ఎత్తితే వెనక చక్రాలు అర అడుగు దిగాయి, అది మామూలే, ఏ బండైనా దిగుతుంది. అప్పుడు క్లచ్ తొక్కి "ఫోర్ లో" (నాలుగు చక్రాలూ, బలమెక్కువుండే లో గేరు) వేశా. డాష్ మీద లైటు నిలకడగా వెలగడం లేదు, ఆగకుండా కొట్టుకుంటోంది. బయట నిలబడ్డాయన్ను ముందు చక్రాలు చూడమన్నా. వెనకవి ఇసుక చిమ్ముతున్నాయి, ముందువి రాళ్లలా కూర్చున్నాయి, కాస్తయినా కదలడం లేదు. అక్కడి నుంచి బయటపడటానికి ట్రాక్టర్ పిలవాల్సి వచ్చింది, ఓనర్ మొహం చూడాలి అప్పుడు. షెడ్డుకు తెచ్చి విప్పితే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకు పవర్ పంచే గేర్ల డబ్బా) షిఫ్ట్ మోటారు బిగుసుకుపోయింది. ఏళ్లతరబడి వాడకపోతే అది అట్లాగే అవుతుంది. వాడిన బండిలో అయితే కనీసం పనిచేస్తోందో లేదో ఓనర్‌కైనా తెలిసి ఉంటుంది.

ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని నన్ను తీసుకుపోయినాయన అదే బండి కొన్నాడనుకోండి, అది వేరే సంగతి.

పరీక్ష చేసేది ఇసుకలోనో వదులు మట్టిలోనో, తారు మీద కాదు. సఫారీ ఫోర్ బై ఫోర్‌లో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లేదు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం పోవాలి, తారు మీద చక్రం జారదు కాబట్టి ఆ బలమంతా షాఫ్టుల మీదా గేర్ల మీదా పడుతుంది. స్టీరింగ్ బిగుస్తుంది, బండి ఎగిరెగిరి పోతుంది. ఎవరైనా తారు రోడ్డు మీద ఫోర్ హై (నాలుగు చక్రాలూ, మామూలు గేర్లు) వేసి "చూడండి పనిచేస్తోంది" అని రౌండ్లు కొట్టి చూపిస్తుంటే ఆపండి, ఆయన ఇన్నాళ్లూ అట్లాగే నడిపాడేమో కూడా అడగండి. డస్టర్‌కు ఈ గొడవ లేదు, నాబ్ "ఆటో"లో పెట్టి తారు మీద ఎంత దూరమైనా పోవచ్చు, కానీ దానికి లో గేరు లేదు, మొదటి గేరునే చిన్నగా పెట్టారు. మూటలతో గుట్ట ఎక్కాల్సిన పనుంటే సఫారీయే.

అపోహ: ఫోర్ బై ఫోర్ ఉంటే నల్లరేగడిలోనూ పోతుంది.

ఆదోని, పత్తికొండ, కోవెలకుంట్ల వైపు పొలాలున్నవాళ్లు నవ్వుతారు ఈ మాటకు. మామూలు రోడ్డు టైర్లతో వానపడ్డ రేగడిలో దిగితే టైరు గాడులు మట్టితో పూడుకుపోయి నున్నగా అవుతాయి, మామూలు బండికి రెండు చక్రాలు జారితే దీనికి నాలుగూ జారతాయి, అంతే తేడా. పాతదా కొత్తదా అని కొట్టుకునే డబ్బులో కొంత టైర్లకు ఉంచుకోండి.

అపోహ: ఫోర్ బై ఫోర్ అంటే మైలేజ్ సగానికి పడిపోతుంది.

పడదు. సఫారీ టూ హైలో వెనక చక్రాలే నడుస్తాయి, అదనపు బరువుకు రొంత తగ్గుతుంది.

అపోహ: డీజిల్ బండికి పదేళ్లే, డైకార్ కొంటే తుక్కుకే.

టీవీలో ఢిల్లీ వార్త చూసి ఇక్కడ భయపడుతున్నారు. పదేళ్ల డీజిల్ నిషేధం 2015లో హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతానికి పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మన జిల్లాలకు అది లేదు. ఇక్కడ ఆర్సీ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. కాకపోతే ఖర్చుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు ఆర్సీ రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలు చేశారు, గడువు దాటితే నెలకు 500 ఫైన్, గ్రీన్ ట్యాక్స్ వేరే. 2008, 2009 డైకార్ చవగ్గా వస్తోందంటే ఆర్సీ చచ్చి ఎన్ని నెలలైందో ముందు లెక్కేయండి. రెన్యూవల్ అమ్మేవాడే చేయించి ఇవ్వాలని బేరంలోనే తేల్చుకోండి, "ట్రాన్స్‌ఫర్‌తో పాటు అయిపోతుందిలే" అన్నాక మా దగ్గర రెండేళ్లుగా నిలబడిపోయిన బండి ఒకటుంది.

అపోహ: బయటి ఊరి బండి, సిటీ బండి క్లీన్‌గా ఉంటుంది.

బెంగళూరు బండి అపార్ట్‌మెంటులో నీడన నిలబడి పెయింట్ మెరుస్తుంది, నిజమే. దానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీఓ ఇచ్చే కాగితం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపితే చవక ఎంత మిగులుతుందో చూడండి. సముద్రం ఒడ్డున తిరిగిన బండికైతే ఉప్పుగాలి తుప్పు, చాసిస్ అతుకులన్నీ గీకి చూడాలి. ఈ విషయంలో మన కరువు మనకు మేలు చేసింది, పదిహేనేళ్లు అనంతపురంలోనే తిరిగిన డైకార్ చాసిస్ తీరం నుంచి వచ్చిన స్టార్మ్ కంటే గట్టిగా ఉండటం నేను చాలాసార్లు చూశా. ఎర్రగుంట్ల, మంగంపేట వైపు గనుల్లో తిరిగిన బండికి తుప్పుండదు గానీ దుమ్ము ఉంటుంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి లోపలి వైపు వేలు పెట్టి చూడండి, ఫిల్టర్ దాటాక కూడా దుమ్ము తగిలితే టర్బో, ఇంజిన్ రెండూ తిన్నట్టే.

మన దగ్గర అసలు భయపడాల్సింది నీళ్లలో మునిగిన బండికి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య కట్ట తెగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో ఉన్నాయి, వాటిలో కొన్ని ఇంకా చేతులు మారుతూనే ఉంటాయి. లోపల సీట్లు, కార్పెట్ మార్చేస్తారు, వాసన పోతుంది. సీటు బెల్టు మాత్రం మర్చిపోతారు. దాన్ని చివరిదాకా, ఇక రానంత వరకూ లాగండి. మధ్యలో ఎక్కడో అడ్డంగా సన్నటి బురద గీత కనిపించిందంటే, బెల్టు వదిలేసి, టీ తాగకుండానే ఇంటికి రండి.