డీఎన్ఏ: అపోహలు - వాస్తవాలు (ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి)

అపోహ: డీఎన్ఏను కనిపెట్టింది వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు.

కాదండీ. 1869లోనే ఫ్రెడరిక్ మీషర్ జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఆసుపత్రి నుంచి తెచ్చిన చీము కట్ల నుంచి కణాలు తీసి, వాటి కేంద్రకాల్లో ఈ పదార్థాన్ని పట్టుకున్నాడు. వంశ లక్షణాలు మోసేది ఇదేనని 1944లో ఏవరీ బృందం చూపించినా, ఆ పని ప్రోటీన్లదే అయ్యుంటుందనుకుని చాలామంది ఆ మాట నమ్మలేదు. 1953లో వాట్సన్, క్రిక్ తేల్చింది దాని ఆకారం. అదీ రోసలిండ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్తకు తెలియకుండా ఆవిడ ఎక్స్-రే ఫొటో చూసి.

అపోహ: టెస్టులో మన జాతకమంతా బయటపడుతుంది.

జీనోమ్‌లో, అంటే మన మొత్తం డీఎన్ఏలో, దాదాపు 300 కోట్ల రసాయన అక్షరాలుంటే మేం చూసేది ఇరవై చిల్లర చోట్లు. ఆ చోట్ల 'గాటా గాటా' అన్నట్టు చిన్న ముక్క వరసగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతాం, అంతే. అమ్మ నుంచి 11, నాన్న నుంచి 14 వస్తే రిపోర్టులో '11, 14' అని పడుతుంది. దాన్ని చూసి మీకు షుగర్ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

అపోహ: 98 శాతం డీఎన్ఏ చెత్తే.

ప్రోటీన్ల తయారీకి కోడ్ ఉన్న భాగం 2 శాతం లోపే, నిజమే. కానీ మిగతా దాంట్లో జన్యువుల్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లున్నాయి. అలాగని అంతా అవసరమైనదే అనుకోకండి: 80 శాతానికి ఏదో ఒక పని ఉందని 2012లో ఎన్‌కోడ్ అనే జీనోమ్ పరిశోధన ప్రాజెక్టు ప్రకటించగానే 'పని' అంటే ఏమిటని గొడవ మొదలైంది, నన్నడిగితే ఆ ప్రకటన అతి. మా గుర్తింపు పని మాత్రం ఆ 'చెత్త'తోనే నడుస్తుంది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి (డీఎన్ఏతో మనిషిని గుర్తించడానికి) వాడిన ప్రోబ్, అంటే కావలసిన డీఎన్ఏ ముక్కని వెతికిపట్టే ముక్క, కూడా కట్లపాము డీఎన్ఏలో పదేపదే వచ్చే ముక్కల నుంచి పుట్టిందే.

అపోహ: మ్యాచ్ అయితే నేరం రుజువైనట్టే.

నేరం జరిగిన చోట దొరికిన మరక ఎవరిదో చెప్పగలం. ఎప్పుడు పడింది, ఎలా పడింది అన్నది మా మెషీన్ చెప్పదు.

అపోహ: ఒక్క వెంట్రుక దొరికితే చాలు.

సినిమాల పుణ్యం! వెంట్రుకకి కుదురు లేకపోతే మామూలుగా మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) డీఎన్ఏ మాత్రమే దొరుకుతుంది, అది తల్లికీ పిల్లలందరికీ సాధారణంగా ఒకటే. అసలు మా టెన్షన్ శాంపిల్ ఎలా వస్తుందన్నదే. రక్తంతో తడిసిన చొక్కాని ప్లాస్టిక్ కవర్లో బిగించి పంపితే మా దగ్గరికి వచ్చేసరికి బూజు పట్టి ఉంటుంది, ఫార్మలిన్‌లో నానేసిన కండ ముక్కలో డీఎన్ఏ తునకలైపోతుంది. బట్టని నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి, కండ ముక్కని ఏ మందులో వెయ్యకుండా ఫ్రీజర్‌లో ఉంచి పంపండి.