ఇంజన్ ఊపిరికి తగ్గ గొంతు

మా బాబాయి అంబాసిడర్ ఇంజన్ బోరుకొస్తే, బెజవాడ ఆటోనగర్‌లో వెతికి పాతదే అయినా కండిషన్‌లో ఉన్న ఇంకో 1489 సీసీ ఇంజన్ ఎక్కించాడు. "ఎలాగూ విప్పాం, పెద్ద కార్బొరేటర్ బిగించు, పికప్ అదిరిపోద్ది" అని ఎవరో అన్నారు. బిగించాడు. బందరు రోడ్డు మీద వేగం అందుకున్నాక బండి బాగానే ఉరికేది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి కదలబోతే మాత్రం దగ్గి దగ్గి ఆగిపోయేది. వెనక హారన్ల సంగతి చెప్పక్కర్లేదు.

బిగింపులో తప్పేమీ లేదు. లెక్కే తప్పింది.

కార్బొరేటర్ పని గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కి అందించడం. అందులో ప్రధాన జెట్ అనే సన్న రంధ్రంలోంచి పెట్రోల్ రావడానికి కారణం గాలి. కాలువ నీరు వంతెన ఖానాల ఇరుకులో వడి అందుకున్నప్పుడు అక్కడ మట్టం కాస్త దిగుతుంది, గమనించారా? కార్బొరేటర్ గొంతులోనూ అంతే: ఇరుకులో గాలి వేగం పెరిగి పీడనం పడిపోతుంది. ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్ మీద మాత్రం బయటి పీడనమే ఉంటుంది. ఆ తేడాయే పెట్రోల్‌ని గొంతులోకి నెడుతుంది. 1738లో బెర్నూలీ చెప్పిన సూత్రమే ఇది.

నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకోసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 5000 చుట్లు తిరిగితే ఈ ఇంజన్‌కి ఆ నిమిషంలో సుమారు 3,700 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 80 శాతం వేసుకుంటే 3,000. అదే 1000 చుట్లలో ఐదో వంతే. గొంతు వ్యాసం 20 శాతం పెంచితే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, అంతే గాలికి వేగం 30 శాతం తగ్గుతుంది. పెట్రోల్‌ని లాగే పీల్పు గాలి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక సగానికి పడిపోతుంది. పెట్రోల్ తుంపర కావాల్సిన చోట బొట్లు పడతాయి. సిగ్నల్ దగ్గర దగ్గు అందుకే.

పాత అంబాసిడర్లకొచ్చిన ఎస్‌యూ రకం కార్బొరేటర్‌కి ఈ చిక్కు తక్కువ. ఇంజన్ ఎంత పీలిస్తే దానిలోని పిస్టన్ అంత లేచి, గొంతు తనే వెడల్పవుతుంది. నాకైతే ఇంత తెలివైన ఇనుప ముక్క ఇంకోటి కనపడలేదు.

ట్యూనింగ్‌కి ముందు వాల్వ్ గ్యాపు, టైమింగ్, ఫ్లోట్ మట్టం చూసుకోవాలి. ఇవి తప్పితే నట్ ఎంత తిప్పినా దండగ. ఇంజన్ వేడెక్కాక కార్బొరేటర్‌లోని ఆ పిస్టన్‌ని మిల్లీమీటరు పైకెత్తాలి. చుట్లు పెరిగి అలాగే నిలబడితే పెట్రోల్ ఎక్కువ, ఇంజన్ ఆగబోతే తక్కువ, కొంచెం పెరిగి సర్దుకుంటే సరి. పెట్రోల్ పాలు సర్దేది ఆరు పలకల జెట్ నట్: దించితే పెట్రోల్ ఎక్కువ, ఎత్తితే తక్కువ. దాన్ని ఒక్కసారికి ఒక్క పలకే తిప్పాలి.

మన ఎండ కూడా లెక్కలోకొస్తుంది. 45 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలి కంటే సుమారు 8 శాతం పల్చన, అందుకని గాలి, పెట్రోల్ మిక్చర్ 4 శాతం చిక్కబడుతుంది, అంటే పెట్రోల్ పాలు పెరుగుతుంది. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ దీనికి ఎదురు లాగుతుంది. ఇథనాల్ కలపని పెట్రోల్ కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిపినదానికి దాదాపు 13.5 కిలోలే. పాత జెట్‌కి ఆ సంగతి తెలియదు, మిక్చర్ పల్చబడుతుంది. పాత రబ్బరు గొట్టాలు కూడా మార్చుకోవాలి.

పాత ఎస్‌యూ డిక్కీలోనే పేపర్లో చుట్టి ఉంది. దాన్నే బిగించాక బండి బెంజ్ సర్కిల్‌లో దగ్గలేదు. బాబాయి ఇప్పుడు సంక్రాంతికి ఒక పలక దించుతాడు, మే నెలలో ఎత్తుతాడు.