పిల్లల సినిమా తేలికనుకునేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పిల్లల కోసం సినిమాలు తీసే దర్శకులం నలుగురం కలిస్తే మాటలు ఎక్కువగా పిల్లల సినిమా గురించి ఉన్న అపోహల మీదికే మళ్లుతాయి. నిర్మాతలు, తల్లిదండ్రులు, ఈ వైపు కొత్తగా వచ్చిన దర్శకులు కూడా ఇవే నమ్ముతుంటారు. వీటి వల్ల మంచి కథలు స్క్రిప్ట్ దశలోనే చచ్చిపోతున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: పిల్లల సినిమా అన్నాక చివర్లో నీతి ఉండి తీరాలి.

కథ వినగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఇందులో మెసేజ్ ఏంటి?" అని. మెసేజ్ కోసం ఏ పిల్లాడూ సినిమాకు రాడు. తనలాంటి ఒకడికి కష్టం వచ్చింది, వాడెలా గట్టెక్కుతాడో చూద్దామని కూర్చుంటాడు. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారొస్తామీ 1987లో తీసిన 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్?' కథ చూడండి. ఒక కుర్రాడు పొరపాటున తన పక్కన కూర్చునే వాడి నోట్‌బుక్ ఇంటికి తెచ్చేస్తాడు. ఇంకోసారి హోంవర్క్ నోట్‌బుక్‌లో రాసుకురాకపోతే బడి నుంచి పంపేస్తానని ఆ పక్కవాణ్ణి టీచర్ అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. అది తిరిగి ఇచ్చేయడానికి వీడు పక్క ఊరికి పరుగెడతాడు. అక్కడ ఆ స్నేహితుడి ఇల్లెక్కడో తెలియదు. అడిగితే పెద్దవాళ్లెవరూ సరిగ్గా వినిపించుకోరు. కథంతా ఇదే.

ఒక నోట్‌బుక్ గురించి సినిమా మొత్తమా అని పెద్దవాళ్లకు అనిపించవచ్చు. కానీ ఆ పిల్లాడికి అది ప్రాణం మీదికి వచ్చిన విషయం. దర్శకుడు కూడా దాన్ని అంతే సీరియస్‌గా తీసుకున్నాడు. మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదేనని నా నమ్మకం. పిల్లల సమస్యను చూసి దర్శకుడు లోలోపల "ఓస్, ఇంతేనా" అనుకుంటే, అది ప్రతి షాట్‌లోనూ తెలిసిపోతుంది. దాన్ని ముందుగా పసిగట్టేది పిల్లలే.

అపోహ: పిల్లలకు భయం, దుఃఖం చూపించకూడదు.

భయమంటే ఏంటో పిల్లలకు సినిమా వచ్చి నేర్పక్కర్లేదు. చీకటి గది తెలుసు, అమ్మానాన్నల గొడవ తెలుసు, వీధిలో అడ్డంగా నిలబడ్డ కుక్క తెలుసు. కియారొస్తామీ మొదటి చిన్న సినిమా, 1970లో తీసింది, సరిగ్గా ఆ కుక్క గురించే. రొట్టె పట్టుకుని ఇంటికెళ్తున్న పిల్లాడికి సందులో కుక్క ఎదురవుతుంది. దాన్ని దాటి వెళ్లడమెలా అన్నదే కథ.

కాబట్టి భయం చూపించాలా వద్దా అని నేను తల బద్దలు కొట్టుకోను. ఎంతసేపు చూపించాలి, ఆ తర్వాత ఏం రావాలి అన్నదే ఆలోచిస్తాను. భయపెట్టే సీన్ అయిన వెంటనే ఇంకో టెన్షన్ సీన్ పెడితే చిన్నపిల్లలు కథలోంచి బయటికి వచ్చేస్తారు. మధ్యలో వాళ్లకు అలవాటైన ఒక పాత్ర, అలవాటైన ఒక చోటు కనిపించాలి. కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలి. ఇక శబ్దం సంగతి. హాల్లో కళ్లు మూసుకునే పిల్లల కంటే చెవులు మూసుకునే పిల్లలే నాకు ఎక్కువ కనిపించారు. హఠాత్తుగా మోగే మ్యూజిక్, ఉన్నట్టుండి వచ్చే అరుపు, తెరమీద కనిపించే దృశ్యం కంటే ఎక్కువగా భయపెడతాయి. అందుకే సౌండ్ మిక్సింగ్‌లో అలాంటి చోట్లన్నీ తగ్గిస్తాను. చావు విషయంలో మాత్రం దాపరికం పనికిరాదు. కథలో తాత చనిపోతే చనిపోయాడనే చెప్పాలి. దూరం ఊరు వెళ్లాడని సర్దిచెబితే, సినిమా అయ్యేదాకా ఆయన తిరిగొస్తాడని పిల్లలు ఎదురుచూస్తూనే ఉంటారు.

అపోహ: పిల్లలు కుదురుగా కూర్చోరు, సినిమా పరుగెత్తాలి.

నిదానంగా ఉన్న చోట పిల్లలు కదలరు. తమకు సంబంధం లేని చోట కదులుతారు. ఎడిటింగ్ మధ్యలో పిల్లలకు సినిమా వేసినప్పుడు నేను స్క్రీన్ వైపు చూడను. ముందు వరుస పక్కన, వాళ్ల మొహాలు కనిపించేలా కూర్చుంటాను. కాళ్లు ఊపడం ఎక్కడ మొదలైంది, పక్కవాడితో గుసగుసలు ఎక్కడ మొదలయ్యాయి, నీళ్ల బాటిల్ మూత ఎక్కడ తీశారు, అన్నీ టైమ్ వేసి రాసుకుంటాను. ఆ జాబితా తీసుకుని ఎడిటర్ దగ్గర కూర్చుంటే, అందులో ఎక్కువ భాగం పెద్ద పాత్రలు తమలో తాము మాట్లాడుకునే సీన్లే ఉంటాయి. పిల్లవాడు ఒంటరిగా ఏదో రిపేరు చేసుకుంటూ ఉండే పొడవాటి షాట్ ఆ జాబితాలో దాదాపు కనిపించదు.

అపోహ: డైలాగులు బట్టీ పట్టిస్తే పిల్లలు బాగా నటిస్తారు.

బట్టీ పట్టిన డైలాగ్ బట్టీ పట్టినట్టే వినిపిస్తుంది. ఇంట్లో అమ్మో నాన్నో ప్రాక్టీస్ చేయించి ఉంటే, వాళ్ల ఊనిక కూడా ఆ గొంతులోకి వచ్చేస్తుంది. జపాన్ దర్శకుడు హిరొకాజు కోరె-ఎడ పిల్లలకు స్క్రిప్ట్ ఇవ్వడు. షూటింగ్ రోజున సందర్భం, మాటలు నోటితోనే చెబుతాడు. ఆ పద్ధతిలో తీసిన 'నోబడీ నోస్' సినిమాకు యూయా యాగిరా 2004లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు అందుకున్నాడు. అప్పటికి అతని వయసు 14 ఏళ్లు. 1959లో విడుదలైన 'ద 400 బ్లోస్' తీసినప్పుడు ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫో, సైకాలజిస్ట్ ప్రశ్నలడిగే సీన్‌లో జవాబులు రాసి ఇవ్వలేదు. కుర్రాడు తన మాటల్లోనే చెప్పాడు. వేరే గ్రహం నుంచి వచ్చిన జీవితో పిల్లల స్నేహం కథ 'ఇ.టి.' (1982)ని చాలా వరకు కథ నడిచే వరుసలోనే షూట్ చేశారు. పిల్లలు కథతో పాటే ముందుకు సాగారు కాబట్టి, చివరి వీడ్కోలు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల బాధ నిజంగానే వచ్చింది.

నేను పాటించేది చాలా మామూలు విషయం. పిల్లాడికి ఎమోషన్ చెప్పను, పని చెబుతాను. "బాధగా చూడు" అంటే మొహం ముడుచుకుంటాడు. "ఈ తాడు ముడి విప్పుతూ మాట్లాడు" అంటే వేళ్లు ముడిలో ఉంటాయి, మనసు ముడిలో ఉంటుంది, మాట దానంతటదే సహజంగా వస్తుంది. ముడి విడిపోకపోతే విసుక్కుంటాడు. ఆ విసుగే నాకు కావాల్సిన ఎక్స్‌ప్రెషన్. ఏడిపించడానికి అబద్ధం చెప్పి భయపెట్టడం మాత్రం ఏ సినిమా కోసమైనా తప్పే. అలా వచ్చిన కన్నీళ్లు తెరమీద ఎంత బాగున్నా నాకు అక్కర్లేదు.

అపోహ: చిన్న నటులు, చిన్న బడ్జెట్, తొందరగా అయిపోతుంది.

పిల్లలు రోజుకు ఇన్ని గంటలే పనిచేయాలని చాలా దేశాల్లో చట్టాలున్నాయి, ఉండాలి కూడా. చదువు, నిద్ర, విరామం పోగా మిగిలేది కొద్ది గంటలే. అంటే షూటింగ్ రోజులు పెరుగుతాయి. ఆ ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోకపోతే చివరికి పిల్లలనే తొందరపెడతారు.

అపోహ: షో అయ్యాక పిల్లలతో ముచ్చట ఒక లాంఛనం.

చెక్ దేశంలోని జ్లీన్‌లో పిల్లల చిత్రోత్సవం 1961 నుంచి ఉంది. బెర్లిన్ చిత్రోత్సవంలో పిల్లల విభాగం 1978లో మొదలైంది. అక్కడ క్రిస్టల్ బేర్ అవార్డు ఎవరికివ్వాలో తేల్చేది పిల్లల జ్యూరీయే. ఇంకా చదవడం రాని చిన్నవాళ్ల కోసం పరభాషా సినిమాల డైలాగులను హాల్లోనే మైక్‌లో వాళ్ల భాషలో చదివి వినిపిస్తారు. ప్రేక్షకుడికి అంత గౌరవం ఇచ్చే చోట దర్శకుడు కూడా సిద్ధపడి వెళ్లాలి.

పెద్దలు షాట్ల గురించి, స్ఫూర్తి గురించి అడుగుతారు. పిల్లలు "ఆ కుక్కకు నిజంగా దెబ్బ తగిలిందా?" అంటారు. "వాడు సారీ చెప్పలేదుగా, మరి ఎందుకు క్షమించారు?" అంటారు. ఈ రెండో ప్రశ్నలో ఒక స్క్రిప్ట్ లోపం పూర్తిగా ఉంది. దాన్ని నవ్వి దాటేయకూడదు. ఎందుకలా రాశామో చెప్పాలి, జవాబు లేకపోతే లేదనే ఒప్పుకోవాలి.

అపోహ: పిల్లలంటే అందరూ ఒకటే గుంపు.

ఐదేళ్ల పాప ఎదురుగా కనిపించేదాన్ని నమ్ముతుంది. పదేళ్లవాడు న్యాయం చూస్తాడు, ఎవరికి ఎంత శిక్ష పడిందో లెక్కపెడతాడు. పద్నాలుగేళ్లు దాటినవాళ్లకు పిల్లల సినిమా అన్న మాటే నచ్చదు. బెర్లిన్‌లో 2004 నుంచి 14 ఏళ్లు పైబడినవారికి వేరే పోటీ పెట్టింది అందుకే అనుకుంటాను. వీళ్లతో పెద్ద చిక్కు భాషది. యూత్ ఇలాగే మాట్లాడతారనుకుని పెద్దలు రాసిన డైలాగ్ వినగానే ఆ సినిమాను కొట్టిపారేస్తారు. అందుకే షూటింగ్‌కు ముందు అదే వయసు పిల్లల చేత స్క్రిప్ట్ పైకి చదివిస్తాను. "ఇలా ఎవరూ అనరు" అని వాళ్లు ఆగిన ప్రతి లైనూ కొట్టేస్తాను, అది నాకు ఎంత ఇష్టమైన లైనైనా సరే.