నలుగురూ ఏమనుకుంటారో అన్న లెక్క

వాహనాలు ఎడమ పక్కనుంచి కుడి పక్కకు మారాలా అని 1955లో స్వీడన్ తన ప్రజలను అడిగింది. దాదాపు 83 శాతం వద్దన్నారు. అయినా ప్రభుత్వం 1967 సెప్టెంబరు 3న, తెల్లవారుజామున ఐదింటికి, దేశమంతటినీ కుడి పక్కకు మార్చేసింది. ఆ మార్పు నిలబడిపోయింది. మరి జనం మెచ్చుకున్న చట్టాలు చాలాచోట్ల కాగితం దాటి ఎందుకు రావు?

దీనికి తత్వవేత్త క్రిస్టినా బిక్కియేరి చేసిన విభజన బాగా పనికొస్తుంది. నలుగురూ ఏం చేస్తున్నారన్నది ఒక అంచనా. నేనేం చేయాలని నలుగురూ అనుకుంటున్నారన్నది ఇంకొకటి. రోడ్డుకు మొదటిది చాలు: ఎదురుగా వచ్చేవాళ్లంతా కుడివైపు ఉంటే, ఎడమవైపు నడపాలని ఎవరికీ ఉండదు. లంచం, బాల్యవివాహం లాంటివి రెండిటి మీదా నిలబడతాయి. అందుకే గెజిట్ ప్రకటన ఒక్కటే వాటిని కదిలించలేదు.

మొదటి అంచనాను పొరపాటున కెలికితే ఏమవుతుందో అమెరికాలోని అరిజోనాలో, పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్దీని బృందం చూపించింది. అక్కడి శిలాజ కలప ముక్కల్ని సందర్శకులు జేబులో వేసుకుపోతుంటారు. ‘ఇప్పటికే చాలామంది పట్టుకుపోయారు’ అని వాపోయే బోర్డు పెట్టినప్పుడు, గుర్తువేసి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం పోయాయి. ‘తీసుకెళ్లకండి’ అని సూటిగా చెప్పినప్పుడు పోయింది 2 శాతం లోపే. ‘అందరూ తప్పు చేస్తున్నారు’ అని వాపోయే ప్రచారాలు ఆ తప్పుకే ధైర్యం పోస్తున్నాయన్నమాట.

రెండో అంచనా, అంటే నలుగురూ మననుంచి ఆశించేది, తెగితే అతకడం ఇంకా కష్టం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆరు శిశు సంరక్షణ కేంద్రాలు 10 షెకెళ్ల జరిమానా పెట్టాయి. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా మరీ చిన్నదని కొందరంటారు, అదీ నిజమే. కానీ అసలు విషయం తర్వాత జరిగింది: జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. టీచర్‌ను కూర్చోబెట్టామన్న మొహమాటం పోయి, ఆలస్యం డబ్బిచ్చి కొనుక్కునే సేవగా మారిపోయింది.

అందుకే చట్టం రాసేముందు రెండు ప్రశ్నలు విడివిడిగా, గోప్యంగా అడగాలి: ‘మీ అభిప్రాయం ఏమిటి?’, ‘ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది అదే అంటారు?’ సౌదీ రాజధాని రియాద్‌లో పెళ్లయిన యువకుల్ని ఇలాగే అడిగారు. ఆడవాళ్లు బయట ఉద్యోగం చేయడాన్ని సమర్థించినవారు 87 శాతం. అయితే తోటివాళ్లలో అంతమంది ఒప్పుకుంటారని ఎక్కువమంది ఊహించలేదు. అసలు సంఖ్య చెప్పగానే, భార్యల పేర్లు ఉద్యోగాల యాప్‌లో నమోదు చేయించినవారు 23 నుంచి 32 శాతానికి పెరిగారు.

ఈ కిటుకు పనిచేసేది దాగిన మెజారిటీ నిజంగా ఉన్నప్పుడే. లేనిచోట లెక్క బయటపెడితే పాత ఆచారమే గట్టిపడుతుంది. అక్కడ ఒక్కసారిగా కఠిన శిక్ష తెచ్చినా బెడిసికొడుతుందని ఆర్థికవేత్తలు ఆసెమోగ్లు, జాక్సన్ 2017 నాటి తమ గణిత నమూనాలో వాదించారు. చాలామంది తామే చట్టం మీరుతుంటే పక్కవాడి మీద ఫిర్యాదు చేయరు, ఫిర్యాదులు లేకపోతే పోలీసులకు చేయడానికేమీ ఉండదు. చట్టం పెట్టే పరిమితిని కొంచెం కొంచెంగా బిగిస్తే, ప్రతి మెట్టు దగ్గరా ఫిర్యాదు చేయగలిగినవాళ్లు మిగులుతారు.